నన్ను క్షమించిన ఇల్లు

మా బాపు తాగుడు మానేసిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు ఏడేళ్ళు. సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందులో మాది కిరాయి ఇల్లు. బాపుకు సైకిళ్ళు బాగుచేసే దుకాణం, గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిళ్ళు ఓ పది. అమ్మను నేను అవ్వ అనేదాన్ని. అంతకుముందైతే పొద్దుగూకే వేళ బాపు నడిచొచ్చే తీరు చూసి అవ్వ నన్ను వెనక గదిలోకి నెట్టి బయట గొళ్ళెం పెట్టేది. ఆ రోజు మాత్రం బాపు తెల్లచొక్కా తొడుక్కుని, చంకలో నల్లట్ట పుస్తకంతో వచ్చాడు. వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అవ్వ బిత్తరపోయింది. ఆమె మొగుడు కొట్టడం చూసిందే గాని ఏడవడం చూసింది లేదు.

ఇది ముందే చెప్పాలి. లేకపోతే తరువాత జరిగిందంతా విని, ఆ తల్లి ఎందుకు ఊరుకుంది, ఆమెకు బుద్ధి లేదా అని అడుగుతారు. నేనూ చాలా ఏళ్ళు అడిగాను, కోపంతో పళ్ళు నూరుతూ అడిగాను. తాగొచ్చి తన్నే మనిషిని తెల్లచొక్కా మనిషిని చేసిన దేవుణ్ణి ఏ ఆడది కాదంటుంది? అవ్వ బొట్టు తీసేసింది, గాజులు తీసేసింది, పూలు మానేసింది. నా చెవుల కమ్మలూ తీశారు. రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుంటానంటే, పూడిపోతేనే మంచిదన్నారు.

ఊరి చివర రేకుల షెడ్డులో మా మందిరం ఉండేది. నలభై యాభై మంది విశ్వాసులం. పెద్దాయనను అందరం అయ్యగారు అనేవాళ్ళం. సినిమా వద్దు, రేడియో వద్దు, పండుగలు వద్దు, పక్కింటి వాళ్ళు పెట్టే ప్రసాదం అసలే వద్దు. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఒకటుండేది, మందులు వాడొద్దు. జ్వరమొస్తే ప్రభువు స్వస్థపరచాలి. గోలీ మింగినవాడు ప్రభువును నమ్మనట్టే. తలనొప్పికి జండూబామ్ రాసుకున్నందుకు ఒకామె మందిరంలో లేచి నిలబడి, ఏడ్చి, ఒప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

దుకాణంలో "గా పానా ఇటియ్యి" అని అరిచే బాపు, ఇంట్లో మోకాళ్ళ మీదికి దిగగానే "తండ్రీ, నీ సన్నిధిని సాగిలపడుచున్నాము" అనేవాడు. ఎవరో పరాయి మనిషి బాపు లోపల దూరి మాట్లాడుతున్నట్టు ఉండేది నాకు. తాగుబోతు బాపు కన్నా ఆ పరాయి మనిషంటేనే ఎక్కువ భయం. తాగుబోతు బాపు కళ్ళు మూస్తే నిద్రపోయేవాడు. ఈయన కళ్ళు మూసుకున్నాడంటే నా లోపల ఏముందో చూస్తున్నాడని వణికేదాన్ని.

ఇంకో భయం ప్రభువు రాకడ. ఆయన ఎప్పుడో చెప్పాపెట్టకుండా వస్తాడు, శుద్ధులను ఎత్తుకుపోతాడు, పాపులను ఇక్కడే వదిలేస్తాడు. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే, అయిపోయింది, అందరూ పోయారు, నన్నొక్కదాన్నే విడిచిపోయారని గడప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. కాసేపటికి అవ్వ బోరింగు కాడి నుంచి బిందె చంకనేసుకుని వచ్చేది. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం లంగా తడిసిపోయేది.

బాపు మారిన ఏడాదికి తమ్ముడు పుట్టాడు. ప్రార్థన వల్ల పుట్టిన బిడ్డ అనేవాళ్ళు. వాడికి మాత్రం ఈ భయాలేవీ అంటలేదు. ప్రార్థనలో అరచేతులతో మొహం కప్పుకుని వేళ్ళ సందుల్లోంచి అందరినీ చూసేవాడు. పంక్చరు అంటించే సొల్యూషను వాసన వాడికి ఇష్టం. ఒకసారి అయ్యగారినే పట్టుకుని, పరలోకంలో రోడ్లుంటయా, సైకిళ్ళుంటయా అని అడిగాడు. బంగారు వీధులుంటాయని అయ్యగారు చెప్తే, జారిపడరా మరి అన్నాడు. బాపు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఎండాకాలంలో బాప్తిస్మం ఇచ్చారు. కొండపాక దగ్గర ఒక విశ్వాసి పొలంలో, వ్యవసాయ బావిలో ముంచి లేపారు. అప్పటి నుంచి ఆదివారం ఆరాధనలో పెద్దవాళ్ళతో పాటు రొట్టె ముక్క, ద్రాక్షరసం నాకూ ఇచ్చేవాళ్ళు. ఇచ్చే ముందు ప్రతి వారం అయ్యగారు హెచ్చరించేవాడు. పాపం దాచుకుని దీన్ని ముట్టుకున్నవాడు తన మీదికి, తన ఇంటి మీదికి రోగాన్ని, చావును తెచ్చుకుంటాడని. 

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు బాపు దుకాణంలో ఉన్నాడు. అవ్వ నన్ను ఉప్పు తెమ్మని కిరాణా దుకాణానికి పంపింది. మలుపు తిరిగేసరికి వాడకట్టు ఆడవాళ్ళంతా బతుకమ్మలను నడుమ పెట్టి చుట్టూ తిరుగుతున్నారు. నా తరగతి పిల్ల ఒకతె నా చేయి పట్టి లాగింది. వద్దు వద్దంటూనే పోయాను. అబద్ధమెందుకు, వద్దని నోటితోనే అన్నాను, కాళ్ళు ఎప్పుడో పోయాయి. మూడు చుట్లు తిరిగాను. చప్పట్లు కొడుతుంటే ఒళ్ళంతా తేలికైంది. వాళ్ళమ్మ నా చేతిలో మలీద ముద్ద పెట్టింది. రొట్టెలు చిదిమి బెల్లం కలిపి చేసిన ముద్ద, దేవతకు పెట్టిన నైవేద్యం. అక్కడే గోడకు ఆనుకుని మొత్తం తినేశాను. అంత తియ్యటిది నేను మళ్ళీ ఎన్నడూ తినలేదు. వేళ్ళు కూడా నాకాను.

ఇంటికొచ్చి మూడుసార్లు నోరు కడుక్కున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆదివారం వచ్చింది. రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చింది. తీసుకోకుండా పక్కకు ఇచ్చేస్తే నలభై మందీ చూస్తారు, బాపు చూస్తాడు. తీసుకుని తింటే ఇంటి మీదికి చావు. ఎంతసేపు ఆలోచించి ఉంటాను? పక్కనున్నామె మోచేత్తో పొడిచేదాకా. ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. మింగుడు పడలేదు. ద్రాక్షరసంతో దింపాను.

బుధవారం తమ్ముడికి జ్వరం వచ్చింది.

మొదటి రోజు బాపు వాడి నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశాడు. రెండో రోజు, మూడో రోజు మందిరం వాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుని పాటలు పాడారు. వాడు అన్నం ముట్టలేదు, నీళ్ళు తాగినా కక్కాడు. కడుపు ఉబ్బింది. మా ఇంటి ఓనరు ముసలమ్మ, ముస్లిం ఆవిడ, గోడకు అవతలి వాటాలోనే ఉండేది. ఆమెను ఖాలమ్మ అని పిలిచేవాళ్ళం. రోజుకు నాలుగుసార్లు గుమ్మం దగ్గరికి వచ్చి తొంగి చూసేది. మీ దేవునికి మొక్కుకోండ్రి, నేనొద్దన్ననా, మొక్కుకుంటనే దవాఖానకు సుత పోవచ్చు గదా అని బాపును అడిగింది. బాపు మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు.

ఐదో రోజు అయ్యగారు వచ్చాడు. చాలాసేపు మోకరించి లేచి, ఈ ఇంట్లో ఏదో అడ్డు ఉంది, ఎవరో పాపం దాచారు, అందుకే ప్రార్థన పైకి పోవడం లేదు అన్నాడు. అందరినీ ఒప్పుకోమన్నాడు. బాపు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, టాకీసు గోడ మీది బొమ్మను నిలబడి చూశానని ఒప్పుకున్నాడు. అవ్వ, పనిలో విసుక్కున్నానని, దేవుణ్ణి మనసులో తిట్టుకున్నానని చెప్పింది. నేను ఏమీ లేదన్నాను. నోరు ఎండిపోయి మాట సరిగ్గా రాలేదు, దాన్ని భక్తి అనుకున్నారు. చివరికి జ్వరంతో కాలిపోతున్న ఆ నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కూడా అడిగారు. వాడు కళ్ళు సగం తెరిచి, "చక్కెర బుక్కిన" అన్నాడు.

 డబ్బాలోంచి పిడికెడు చక్కెర బుక్కాడట. అందుకోసం చావాలా వాడు? ఆ గదిలో అంతమంది పెద్దవాళ్ళు, ఒక్కరికీ సిగ్గనిపించలేదు. అందరూ ఆమెన్ అన్నారు.

ఏడో రోజు మంగళవారం. పొద్దున్నే అవ్వ లేచి తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టింది. ఖాలమ్మ అప్పటికే కొడుకుతో రిక్షా పిలిపించి గుమ్మం ముందు నిలబెట్టింది. బాపు తలుపు దగ్గర నిలబడ్డాడు. అవ్వ ఆ ఇంట్లో గొంతెత్తడం నేను అప్పుడే విన్నాను.

"నీ కాల్మొక్త, నన్ను ఆపకు. నా కొడుకును దవాఖానకు తోల్కపోత. నన్ను నరకంల ఏసినా సరే."

 బాపు తమ్ముడి మొహం చూశాడు.  తరువాత పక్కకు తొలిగి చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటూ, "సరే, పా. నేను సుత వస్త" అన్నాడు.

ఆయన ఒప్పుకున్నాడు. ఈ ముక్క మరచిపోకండి. దేవుడి కన్నా కొడుకు ఎక్కువ అనిపించిన ఒక్క క్షణం మా బాపు జీవితంలో అదే. రిక్షా ఉంది, దవాఖాన అరగంట కూడా లేదు, అవ్వ గడప దాటింది.

నాకేమనిపించిందో ఎలా చెప్పను? పన్నెండేళ్ళ బుర్ర. పాపం చేసింది నేను. డాక్టరు సూది వేస్తే నా పాపం పోతుందా? పోదు. తమ్ముడు దవాఖానలో చచ్చిపోతాడు, అవ్వ బాపు ఇద్దరూ మందును నమ్ముకున్న పాపానికి నరకానికి పోతారు, అంతా నా వల్లే. ఒక్క మాట ఒప్పుకుంటే ముగ్గురూ బతుకుతారు. ప్రాణం మీదికి తెచ్చుకునైనా సరే తమ్ముణ్ణి కాపాడాలని, నా నోట్లో మన్ను పడ, నేను నోరు తెరిచాను.

"బాపూ, నేను మలీద తిన్న. బతుకమ్మ ఆడిన. తిని రొట్టె తీసుకున్న."

కొడతాడనుకున్నాను. బాపు మొహం వెలిగిపోయింది. నిజంగానే వెలిగింది, నేను కల్పించి చెప్పడం లేదు. వారం రోజులుగా వెతుకుతున్నది దొరికిన మనిషి మొహం అది. నన్ను దగ్గరికి తీసుకుని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. "దొరికింది. అడ్డు తొలిగింది. ఇగ నా కొడుక్కు ఏం గాదు" అంటూ అవ్వ చేతుల్లోంచి తమ్ముణ్ణి తీసుకుని మళ్ళీ చాప మీద పడుకోబెట్టాడు. అవ్వ నోరు తెరిచి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాలమ్మ ఉర్దూలో ఏదో అరిచింది. బాపు రిక్షాను పంపేశాడు.

ఆ రోజంతా నన్ను మధ్యలో కూర్చోబెట్టి ప్రార్థన చేశారు. సాయంత్రానికి తమ్ముడికి చెమట పట్టింది, ఒళ్ళు చల్లబడింది. బాపు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నాడు. మందిరం వాళ్ళంతా వచ్చారు. నేను అందరికన్నా గట్టిగా పాడాను. తమ్ముణ్ణి కాపాడింది నేనే కదా. అంత సంతోషం నేను మళ్ళీ ఎరుగను, అందుకే నాకు సంతోషమంటేనే పడదు.

జ్వరం తగ్గి చల్లబడటం కాదది. బుధవారం పొద్దుటికి వాడి పెదవులు నల్లబడ్డాయి, పిలిస్తే పలకలేదు. ఖాలమ్మ కొడుకు ఎవరినీ అడగకుండా లోపలికొచ్చి వాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తాడు. వెనక అవ్వ, అవ్వ వెనక నేను. దవాఖానలో నర్సమ్మ తమ్ముడి పొట్ట మీద చేయి వేసి, కనురెప్ప ఎత్తి చూసి, అవ్వను అడిగింది.

"నిన్న ఎందుకు తీసుకరాలే?"

 అవ్వ నా వైపు చూడలేదు. కావాలని చూడలేదు. మధ్యాహ్నానికి వాడు పోయాడు.

ఆ తరువాత ఎవరైనా నన్ను తిట్టి ఉంటే, చెప్పుతో కొట్టి ఉంటే, జుట్టు పట్టి బజారుకు ఈడ్చి ఉంటే నేను బతికిపోయేదాన్ని. మా వాళ్ళు అంతకన్నా ఘోరం చేశారు. క్షమించారు. ఆ తరువాతి ఆదివారం నన్ను అందరి ముందు నిలబెట్టి అయ్యగారు చెప్పాడు. ఒక పాపం వల్ల ఈ ఇంటికి శిక్ష వచ్చింది, ప్రభువు పిల్లవాణ్ణి తన దగ్గరికి తీసుకున్నాడు, ఈ బిడ్డ ఒప్పుకుంది గనుక క్షమాపణ దొరికింది అని. ఆడవాళ్ళు వరుసగా వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. బాపు నా తల మీద చేయి పెట్టి, "నిన్ను క్షమించిన బిడ్డా" అన్నాడు. నిజమైన ప్రేమతో అన్నాడు. అంతటితో అయిపోలేదు. ఏటేటా తమ్ముడు పోయిన రోజున ఇంట్లో ప్రార్థన పెట్టి, బాపు నా కోసం మళ్ళీ కృతజ్ఞత చెల్లించేవాడు. ఏటేటా నన్ను హంతకురాలిని చేసి, ఏటేటా విడుదల చేసేవాళ్ళు.

నేను ఏమయ్యానో చెప్పడం కష్టం. పాపం దాస్తే మనుషులు చస్తారని మందిరం నేర్పింది. నిజం చెబితే మనుషులు చస్తారని ఆ మంగళవారం నేర్పింది. ఈ రెంటి నడుమ నోరు పెట్టుకుని ఎలా బతకాలి? తొమ్మిదో తరగతిలో కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారని సారు అడిగితే నేను లేచి నిలబడ్డాను. పగలగొట్టింది నేను కాదు. ఆ రోజు ఆ వైపే పోలేదు. అయినా కాళ్ళు వాటంతటవే లేచాయి. ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెడితే ప్రాణం హాయిగా అనిపించింది. ఇంకో పక్క, అవ్వ తలనొప్పి అంటే చాలు, గోడకు ఆనుకుని పొద్దుటి నుంచి ఏం తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని. దొరికేది. వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. బెల్లం వాసనకు వాంతి వచ్చేది. అవ్వతో మలీద మాట, రిక్షా మాట ఒక్కసారీ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఇద్దరం ఒకే పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేసుకునేవాళ్ళం, అంతే.

చావాలని రెండుసార్లు అనుకున్నాను. ఆత్మహత్య పాపం, దాని శిక్ష ఇంకెవరి మీద పడుతుందోనని మానుకున్నాను. చూశారా, నన్ను బతికించింది కూడా ఆ భయమే. దానికి దండం పెట్టాలో, ఉమ్మెయ్యాలో తెలియదు.

ఎలాగో చదివి పంతులమ్మనయ్యాను. జగదేవ్‌పూర్‌లో ఉద్యోగం, అక్కడే గది తీసుకున్నాను. మందిరానికి పోవడం మానేశాను. మానేశానని గొప్పగా చెప్పుకుంటాను గాని, వర్షంలో ఉరుము ఉరిమితే ఇప్పటికీ మోకాళ్ళు వంగుతాయి.

తొంభైల చివర్లో ఒక సెలవు రోజు ఇంటికి పోయాను. బాపుకు గుండెలో నొప్పి వచ్చిందని కబురు. పోయేసరికి బాపు మంచం మీద దిండుకు ఆనుకుని, ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని ఉన్నాడు. డబ్బా నిండా గోలీలు. పొద్దుటివి వేరు, రాత్రివి వేరు, అవ్వ పొట్లాలు కట్టి పెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

అవ్వ మెల్లగా చెప్పింది. అయ్యగారికి షుగరు వచ్చిందట. హైదరాబాదులో పెద్ద దవాఖానలో పదిహేను రోజులు ఉండి వచ్చాడట. వచ్చిన ఆదివారం, వైద్యుల చేతుల ద్వారా కూడా ప్రభువే స్వస్థపరుస్తాడని వాక్యం చెప్పాడట. ఆ రోజు నుంచి అందరూ గోలీలు వేసుకుంటున్నారట. అంతే. ఒక ఆదివారం, ఒక ప్రసంగం. ఎవరూ లేచి నిలబడి, మరి ఆ సైకిళ్ళాయన కొడుకు సంగతేంది అని అడగలేదు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ డబ్బా తీసుకుని వీధిలోకి విసిరి కొట్టాలనిపించింది. బాపు మొహం చూస్తే పాలిపోయి ఉంది. "నీళ్ళియ్యి బిడ్డా" అన్నాడు. గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాను. గోలీ నాలుక మీద పెట్టుకుని మింగాడు. మింగేదాకా ఆగి అడిగాను.

"గిది పాపం గాదా బాపూ ఇప్పుడు?"

"అప్పుడు మాకు అంత వెలుగు లేకుండె బిడ్డా. ఇప్పుడు తెలిసింది."

"అయితే మరి తమ్ముడు ఎందుకు సచ్చిపోయిండు?"

అవ్వ పొయ్యి దగ్గర చేస్తున్న పని ఆపింది. ఆయన మొహంలో ఏదో కదులుతుందేమో, ఆ రోజు చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్న మనిషి ఒక్క నిమిషం తిరిగి వస్తాడేమోనని చూశాను. తప్పు నాది బిడ్డా, రిక్షాను పంపింది నేను అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

బాపు గ్లాసు పక్కన పెట్టి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వంగాను. నా తల మీద చేయి పెట్టాడు. ఆ చేయి బరువు, ఆ ప్రేమ అన్నీ అవే.

"పాత ముచ్చట ఎందుకు తవ్వుకుంటవు బిడ్డా. నిన్ను ఆనాడే క్షమించినం గద."

నేను చంపలేదు బాపూ అనడానికి నోరు తెరిచాను. అవ్వ నా వైపే చూస్తోంది.

"సరే బాపూ" అన్నాను.